పువ్వు పైకి ఎలా లేచింది?

కోడంబాక్కంలో మా వీధి చివర ఓ పాత టేకు తలుపు మీద తామరపువ్వు ఉంది. తడిమితే రేకులు వేళ్లకు ఎత్తుగా తగులుతాయి. అతికించారా? కాదు! పువ్వును వదిలేసి, చుట్టూ ఉన్న చెక్కను తీసేశారు.

ముందు చెక్క మీద గీసిన పువ్వు గీత వెంబడి కత్తిమొనతో గాటు పెడతారు. ఎందుకు? చీలిక ఆ గాటు దగ్గరే ఆగిపోతుంది, రేకు విరగదు. తర్వాత వంపు ఉలితో పెచ్చులు లేపి, చదును ఉలితో పువ్వు చుట్టూ అడుగును సాపు చేస్తారు. చెక్క నారకు ఎదురు వెళ్తే పెళ్లలు లేస్తాయి. అందుకే రేకు వంపు తిరిగినచోట ఉలి కూడా దిశ మార్చుకోవాలి. మొద్దుబారిన ఉలితోనే ప్రమాదం ఎక్కువ: బలంగా తోస్తాం, జారి చేతిని కోస్తుంది.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అచ్చులనూ టేకు మీద ఇలాగే చెక్కుతారు. ఎత్తుగా మిగిలిన చోటే రంగు అంటుతుంది. అచ్చు మీద బొమ్మ తిరగబడి ఉంటుంది, గుడ్డ మీద సరిగ్గా పడాలి కదా!