ప్లగ్ పట్టినంత మాత్రాన పాట పలకదు!

కొత్తగా మిక్సర్ కొన్నారు. ఇంట్లో నాన్నగారి స్టీరియో యాంప్లిఫయర్ ఎలాగూ ఉంది. రెండూ కలిపితే సౌండ్ ప్రాక్టీస్ ఇంట్లోనే చేసుకోవచ్చనుకున్నారు. అడాప్టర్ కేబుల్ తెచ్చి పెట్టేశారు. తీరా ఆన్ చేస్తే గరగర... లేదంటే గుయ్‌మని ఒకటే రొద! వెంటనే రిపేరు షాపుకి పరుగెత్తకండి. అడాప్టర్ మార్చేది ప్లగ్ ఆకారాన్నే, లోపలి సిగ్నల్‌ని కాదు. సౌండ్ ఇంజినీర్ కావాలనుకునేవారు ముందుగా ఒంటబట్టించుకోవాల్సిన సూత్రం ఇదే.

గరగరమంటోందా?

ప్రొఫెషనల్ పరికరాల లైన్ లెవెల్ ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. ఇంటి స్టీరియోలది మైనస్ 10 డీబీవీ, అంటే 0.316 వోల్టులు. దాదాపు నాలుగు రెట్ల తేడా! అందుకే ఫేడర్ పూర్తిగా తగ్గించి, మెల్లగా పెంచండి. మిక్సర్‌కి ఆర్‌సీఏ ‘టేప్ అవుట్’ ఉంటే ఇంకా సులువు. యాంప్లిఫయర్‌లో ‘ఆక్స్’ లేదా ‘సీడీ’ ఇన్‌పుట్‌కే కలపండి. ‘ఫోనో’ జోలికి వెళ్లొద్దు. అది రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే అతి చిన్న సిగ్నల్ కోసం పెట్టింది.

గుయ్‌మంటోందా?

ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ను గ్రౌండ్. 2, 3 పిన్నుల్లో ఒకే సిగ్నల్ ఒకదానికొకటి తలకిందులుగా వెళ్తుంది. అందుకునే పరికరం ఆ రెండింటి తేడానే తీసుకుంటుంది కాబట్టి, దారిలో చేరిన రొద రద్దయిపోతుంది. ఆర్‌సీఏలో ఉండేది ఒక్క సిగ్నల్ తీగ, గ్రౌండ్ మాత్రమే. ఆ రక్షణ ఉండదు. కేబుల్ పొట్టిగా ఉంచండి. రెండు పరికరాలకీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. అప్పటికీ ఆగకపోతే ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. అంతేకానీ పవర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయొద్దు. అది ప్రాణాలతో చెలగాటమే. 3వ పిన్నుని గ్రౌండ్‌కి కలపాలా, వదిలేయాలా అన్నది మిక్సర్ మాన్యువల్ చూసి తేల్చుకోండి.

గొంతు మాయమైందా?

స్టీరియో హెడ్‌ఫోన్ జాక్ నుంచి మిక్సర్‌కి పాట ఇచ్చేటప్పుడు వచ్చే చిక్కు ఇది. స్టీరియో ప్లగ్, బ్యాలెన్స్‌డ్ మోనో ప్లగ్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పొరపాటున మోనో ఇన్‌పుట్‌లో పెడితే మిక్సర్ ఎడమ, కుడి చానళ్ల తేడా తీసుకుంటుంది. గాయకుడి గొంతు సాధారణంగా రెండింట్లోనూ సమానంగా ఉంటుంది కనుక అదే ఎగిరిపోతుంది! రెండు చానళ్లనూ విడదీసే వై కేబుల్ వాడితే సరి. మైక్ ఇన్‌పుట్‌కి కలిపేముందు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆఫ్ చేయడం మరవొద్దు.

ఇక్కడి నుంచే మొదలు

పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో సౌండ్ కోర్సులున్నాయి. అక్కడికి వెళ్లినా, ఊళ్లో ఈవెంట్ సౌండ్ టీమ్‌లో చేరినా కేబుళ్లతో పని తప్పదు. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ కొనుక్కోండి. ఏ పిన్ను ఎక్కడికి వెళ్తోందో చూసుకున్నాకే కేబుల్ కలపండి. కార్యక్రమం మొదలవడానికి ఐదు నిమిషాల ముందు సౌండ్ ఆగిపోతే, అందరూ వెతికేది ఈ పని తెలిసినవాళ్లనే!