నల్లా వచ్చింది, గోలెం పోలేదు

జమ్మికుంట అనగానే అందరికీ పత్తి మార్కెట్టు గుర్తుకొస్తుంది. మాకు మాత్రం వానాకాలం జ్వరాలు కూడా గుర్తుకొస్తాయి.

2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇళ్ల ముందుకు నల్లాలు వచ్చాయి. బోరింగు దగ్గర బిందెలతో నిలబడే బాధ తగ్గింది. మంచి మార్పే. అయినా రేపు నీళ్లు వస్తాయో రావోనని గోలెం, డ్రమ్ము నింపిపెట్టే అలవాటు మనకు పోలేదు.

డెంగీ దోమ పెరిగేది మురికి కాలువలో కాదు, మూతలేని ఆ మంచినీళ్లలోనే. కుట్టేది ఎక్కువగా పగటిపూట. దాని గుడ్లు పాత్ర గోడకు అంటుకుని, నీళ్లు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు. ప్రతి శుక్రవారం లోపలి గోడను గట్టిగా తోమి, ఎండబెట్టి, మళ్లీ నింపి మూత పెట్టండి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆలోపే మనం అడ్డుపడాలి.

ఇంకొక మాట. జ్వరం దిగగానే "ఇంటికి తీసుకపోతం సిస్టరమ్మా" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. డెంగీలో అసలు గండం ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి రండి. డాక్టరు చెప్పనిదే ఆస్పిరిన్, బ్రూఫెన్ బిళ్లలు వేయకండి.