కదలని గేరుమీట

ఇపుడు మన పట్టణములందు ఆటోమేటిక్ గేర్ల కార్లు విరివియైనవి. క్లచ్చి త్రొక్కు శ్రమ లేనందున వానిని నడుప నేర్చిన గృహిణులును పెక్కండ్రు గలరు. అమెరికాలో కాపురమున్న మన యాడుబిడ్డలకైతే అట్టి బండియే నిత్యవాహనము. ఇంజను చక్కగా నడచుచుండగనే, ఒక్కొకపుడు గేరుమీట మాత్రము పార్కు స్థానమును సూచించు 'పీ' యను నక్షరమును విడిచి వెంట్రుకవాసియైనను కదలదు. బడివేళ మించిపోవుచుండగా, వెనుక సీటులో బిడ్డలను కూర్చుండబెట్టుకొని యా మీటతో పెనగులాడు తల్లి యవస్థ యింతింత కాదు. కాని యిది బలముచే సాధింపదగిన పని కాదు. మిక్కిలి లాగినచో మీటయో, దానికి తగిలించిన తీగయో చెడును.

మీటను పట్టియుంచు కట్టులు రెండు. ఏది పట్టినదో తెలిసికొన్నచో సగము పని తీరినట్లే.

మొదటిది గేరుపెట్టె లోపలిది. చక్రములను త్రిప్పు ఇరుసునకు చేరి పండ్లచక్ర మొకటి యుండును. మీటను పార్కులో నుంచినపుడు ఇనుపకొక్కె మొకటి యా పండ్ల నడుమ దిగి బండిని కదలనీయదు. ఏటవాలు నేలపై హ్యాండుబ్రేకు వేయక నిలిపినచో బండి బరువంతయు నా చిన్నకొక్కెముపై బడును. గాలి తలుపును నెట్టుచున్నపుడు గడియ రాకుండుట మన మెఱిగినదే కదా! తలుపును కొంచెము నొక్కిపట్టిన గడియ తనంత జాఱును. ఇదియు నట్టిదే. విశాఖపట్టణపు టెత్తుపల్లపు వీథులలోను, మేడల క్రింది సెల్లారు వాలులందును ఈ చిక్కు వచ్చుచుండును. బ్రేకును గట్టిగా త్రొక్కి కొంచెము బిగువుగా లాగినచో తఱచు ఠక్కుమని వచ్చును. రానిచో మఱియొక బండిచే ఎత్తువైపునకు వ్రేలెడంత లాగించవలెను. ఇది తెలిసినవారి చేతిపని. పల్లపువైపున మనుష్యులను నిలిపి నెట్టింప రాదు. కొక్కెము వీడినంతనే బండి వారి మీదికి దొర్లును.

ఈ చిక్కు రాకుండ చేయుట బహుసులభము. బండిని నిలిపి, కాలు బ్రేకుపై నుండగనే మీటను న్యూట్రలునకు దెచ్చి, హ్యాండుబ్రేకును లాగి, కాలిని మెల్లగా సడలింపవలెను. బరువు హ్యాండుబ్రేకుపై నానిన పిమ్మట మరల బ్రేకు త్రొక్కి మీటను పార్కులో నుంచవలెను. కదలునపుడు బ్రేకు త్రొక్కి ముందు మీటను తీసి, ఆ వెనుకనే హ్యాండుబ్రేకును వదలవలెను.

రెండవ కట్టు మీట మొదటనున్న విద్యుత్తాళము. తాళపుచెవి 'ఆన్' స్థానమున నుండి, బ్రేకు పెడలును త్రొక్కినగాని యిది వీడదు. పెడలు పైభాగమున నొక చిన్న స్విచ్చి గలదు. కాలు మోపగనే యది వెనుకటి యెఱ్ఱని బ్రేకుదీపములను వెలిగించును. ఆ వార్తయే తాళమునకును చేరి, సోలెనాయిడను విద్యుదయస్కాంతము మీటను వదలును. కావున సమనేలపై మీట రానపుడు మొదట చూడవలసినది మీటను గాదు, వెనుకటి దీపములను. ఒంటరిగా నున్నచో తక్కిన దీపముల నార్పి, బ్రేకు త్రొక్కి, వెనుకగోడపై ఎఱుపుకాంతి పడినదో లేదో అద్దములో చూచుకొనవచ్చును. దీపములు వెలుగనిచో దోషము తఱచు ఫ్యూజునందో స్విచ్చియందో యుండును. ఫ్యూజు మాడినచో అదే ఆంపియరు గలదానిని వేయవలెను గాని హెచ్చుదానిని వేయరాదు. దీపములు వెలిగియు మీటకడ 'టిక్కు'మను సద్దు వినబడనిచో తీగలో సోలెనాయిడో చెడియుండవచ్చును. బ్యాటరీ మిక్కిలి నీరసించినను నింతే. సద్దు వినబడియు రానిచో, మీట సందులలో నొలికిన కాఫీయో పానకమో బంకయై పట్టియుండునేమో చూడవలెను. పిల్లలున్న బండ్లలో నిది వింత కాదు.

అత్యవసరమునకు పెక్కు కార్లలో మీటప్రక్కన చిన్నమూత క్రింద నొక రంధ్ర ముండును. హ్యాండుబ్రేకును బిగియలాగి, బ్రేకు త్రొక్కి, తాళపుచెవినో సన్నని స్క్రూడ్రైవరునో యందు దింపి నొక్కిపట్టినచో మీట న్యూట్రలునకు వచ్చును. కాని బ్రేకుదీపములు వెలుగని బండిని అటులే దూరము నడుపుట తగదు. మన మాగుచున్నామని వెనుక వచ్చువానికి తెలియు దారి యేది?

మా బంధువులలో నొకామె కారునకు మెకానిక్కొకడు ఈ తాళమునే యూడదీసి, "ఇక మీకు బాధ లేదమ్మా" యనెనట. అది బాధను తీర్చుట గాదు, కావలివానిని వెళ్లగొట్టుట. అమెరికాలో ఆడి 5000 కార్లు పార్కునుండి తీయగనే ముందున కుఱుకుచున్నవని గగ్గోలు పుట్టగా, 1987లో ఆ సంస్థ వానికి ఇట్టి తాళములను బిగింప పూనెను. బ్రేకనుకొని యాక్సిలరేటరును త్రొక్కుటయే పెక్కింటికి కారణమని 1989లో అచటి రహదారి భద్రతాశాఖ తేల్చినది. బ్రేకుపై కాలుండినగాని మీట రానపుడు ఆ పొరపాటునకు చాలవఱకు తావుండదు గదా! ఇంతకంటె మనకు ముఖ్యమైనది వేఱొకటి. బండిలో విడిచిన పసిబిడ్డ యాటగా మీటను లాగినచో బండి దొర్లిపోవును. ఇట్టి ప్రమాదములను తలచియే 2008లో అమెరికాలో బాలరక్షణకై యొక చట్టము చేసిరి. దాని ననుసరించి, 2010 సెప్టెంబరు 1 మొదలుకొని తయారైన, పార్కుస్థానముగల చిన్నవాహనముల కన్నిటికి నచట నీ తాళము విధిగా నుండవలెను. పసివాని కాలు పెడలు నందదు. వాని చేయి మీట నందును. ఆమె మరునాడే వేఱొక పనివానిని పిలిపించి తాళమును మరల పెట్టించుకొన్నది. అసలు చెడినది పెడలువద్ది స్విచ్చియేనట!

మీటకు బదులు గుండ్రని మరయో, మీటలేని బొత్తాములో గల క్రొత్తకార్లలో పైరంధ్రము సాధారణముగా నుండదు. వాని పద్ధతి వేఱు. ఏ కారునకు ఫ్యూజు లెచట నున్నవో, మూత యెచట నున్నదో దానితో నిచ్చిన పుస్తకమున నుండును. ఆ పుస్తకము చాల యిండ్లలో బీరువాలో పట్టుచీరల క్రింద భద్రముగా నుండుట చూచితిని. దానిని కారులోని యఱలో, రెండు ఫ్యూజులతోను చిన్నటార్చితోను కూడ నుంచుడు.