తెరపై నలుపు

రాత్రివేళ తెల్లని వస్త్రం వెనుక దీపాలు వెలిగించి తోలుబొమ్మలాట ప్రదర్శించడం తెలుగువారి ప్రాచీన సంప్రదాయం. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో బొమ్మలాటలను ప్రస్తావించాడు. చుట్టూ చీకటి ఆవరించి ఉండడం వల్లనే ఆ బొమ్మలు స్పష్టంగా కనిపించేవి. నేటి తరగతి గదిలోని ప్రొజెక్టరుకు ఆ సౌలభ్యం లేదు. అభ్యాసకులు పాఠం రాసుకోవాలంటే పైనున్న దీపాలు వెలగాలి. ఆ వెలుగే తెరపైని చిత్రాన్ని వెలవెలబోయేటట్లు చేస్తుంది.

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతాలు సింగరేణి బొగ్గు గనులకు ప్రసిద్ధి చెందాయి. గని కార్మికులకు శిక్షణను 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు తప్పనిసరి చేశాయి. భూగర్భ గనిలో పైకప్పు కూలడం ప్రధాన ప్రమాదాలలో ఒకటి. కనుక పైకప్పులోని సన్నని పగులును ముందుగా గుర్తించడం ప్రాణరక్షణకు సంబంధించిన విద్య. అయితే గని లోపలి చిత్రాలలో అధికభాగం నలుపే. తెరపై ఆ నలుపు వెలిసిపోతే పగులు కూడా అందులో కలిసిపోతుంది.

దీనికి కారణమేమిటి? ప్రొజెక్టరు కాంతిని ప్రసరింపజేయగలదు గాని నలుపును ప్రసరింపజేయలేదు. చిత్రంలో నలుపు ఉన్నచోట తెరపై మిగిలేది గదిలోని వెలుగే. ఉదాహరణకు తెరపై ప్రొజెక్టరు కాంతి 300 లక్సులు, గది దీపాల కాంతి 100 లక్సులు అనుకుందాం. తెల్లని భాగంపై 400, నల్లని భాగంపై 100 లక్సులు పడతాయి. వాటి నిష్పత్తి 4:1. తెరకు దగ్గరగా ఉన్న దీపాలను ఆర్పి గది కాంతిని 20 లక్సులకు తగ్గిస్తే ఆ నిష్పత్తి 16:1 అవుతుంది.

సాధారణమైన బూడిదరంగు తెర నలుపును ముదురుగా చూపినా, తెలుపును కూడా అదే పాళ్లలో తగ్గిస్తుంది. ఇందుకు భిన్నంగా కొన్ని ప్రత్యేకమైన తెరలపై రంపపు పళ్ల వంటి అతి సన్నని అమరిక ఉంటుంది. ప్రతి పంటి పైభాగం నల్లగా ఉండి పైకప్పు దీపాల కాంతిని పీల్చుకుంటుంది. కిందిభాగం, తెర కింద దగ్గరగా అమర్చిన ప్రొజెక్టరు కాంతిని ప్రేక్షకుల వైపు మళ్లిస్తుంది. గదిలో దూరంగా, ఎత్తున బిగించిన ప్రొజెక్టరుకు ఈ తెర తగదు. పక్క కిటికీల వెలుగును కూడా ఇది అంతగా నివారించలేదు.

కాబట్టి ఖరీదైన తెర కొనడానికి ముందు, తెర ఎదుటి దీపాలకు వేరుగా స్విచ్చి అమర్చడం వివేకవంతమైన పని. గనిలో కార్మికుని తలపైని దీపం చీకటిని తొలగించి అతనిని కాపాడుతుంది. శిక్షణ గదిలో తెరపైని నలుపును కాపాడుకోవడం కూడా అతని రక్షణ కోసమే.