మీకు తెలుసా? పథ్యం వెనక శాస్త్రం ఉంది!

పల్లెల్లో నాటుమందు ఇచ్చేవారు పథ్యం చెప్పనిదే పంపరు. ఖమ్మం–భద్రాచలం అడవి అంచున ఉన్న జూలూరుపాడు వైపూ అంతే. తిండికీ మందుకూ పొత్తు కుదరాలి.

● పసుపు, మిరియాలు: పసుపులోని కుర్కుమిన్ ఒంటికి పట్టేది చాలా తక్కువ. 1998లో వెలువడిన బెంగళూరు అధ్యయనంలో 2 గ్రాముల కుర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ (మిరియాల ఘాటు) తోడైతే, రక్తంలో చేరేది దాదాపు 20 రెట్లు పెరిగింది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మందు స్థాయినీ పైపెరిన్ రక్తంలో పెంచగలదు.

● పొడపత్రి: ఈ ఆకు నమిలితే కాసేపు చక్కెర తియ్యగా అనిపించదు. షుగర్ మాత్రలు వేసుకుంటూ పొడపత్రి, కాకర రసం, మెంతులు కలిపి తీసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు.

● అతిమధురం: రోజుల తరబడి వాడితే పొటాషియం తగ్గి బీపీ పెరగొచ్చు. ఉప్పు, ఊరగాయలు ఎక్కువైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

● టీ: అందులోని టానిన్లు ఆకుకూరల్లోని, మందుల్లోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. నిమ్మ, ఉసిరి పట్టేలా చేస్తాయి.

ఆకుమందు వాడుతుంటే ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి. వాడే మాత్రల పేర్లు నాటువైద్యుడికీ చెప్పండి.