వేలు వదిలితేనే... స్ట్రైక్!

బౌలింగ్ ఆటలో బలమంతా భుజానిది, గురి అంతా కంటిది అనుకుంటాం. ఏళ్లతరబడి ఆడుతున్నవాళ్లని అడగండి... ముందు బొటనవేలి సంగతి చూసుకోమంటారు. బంతిలోంచి అది హాయిగా, సరైన క్షణంలో బయటికొస్తే సగం ఆట వచ్చినట్టే. చిక్కుకుందా... బంతి ఒక దారి, పిన్నులు ఒక దారి!

హైదరాబాద్‌లోనో విశాఖలోనో సెలవురోజు మాల్‌కి వెళ్లిన ఏ కుటుంబాన్నయినా గమనించండి. అద్దె బూట్లు తొడుక్కుంటారు. నాన్న అందరికన్నా బరువైన బంతి ఎత్తి మీసం మెలేస్తాడు. అమ్మ ముచ్చటైన రంగు చూసి ఒకటి తీసుకుంటుంది. పిల్లాడు దొరికిందేదో పట్టుకుని పరుగెడతాడు. బంతిమీద అంకె చూసేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారేమో గానీ, బెజ్జంలో వేలు ఎలా కూర్చుందో చూసుకునేవాళ్లు దాదాపు ఉండరు. రెండు గేములయ్యేసరికి అందరూ బొటనవేలు నలుపుకుంటూ కనిపిస్తారు. 'ఈ ఆట మనకి కాదులే' అన్న తీర్మానం కూడా అక్కడే అయిపోతుంది. పాపం, ఆట తప్పు కాదది. కొలత తప్పు.

మాల్‌లో కాలక్షేపంగానే కనిపించినా ఇది చిన్న ఆటేం కాదు. అమెరికాలో దీనికి నియమాలు రాసే సంఘం 1895లోనే ఏర్పడింది. 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో పతకాలిచ్చారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఆడించారు.

గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగుల బాట. వెడల్పు 41.5 అంగుళాలే. బంతి అడ్డుకొలత దాదాపు ఎనిమిదిన్నర అంగుళాలు, బరువు ఎంత ఎక్కువైనా 16 పౌన్లు దాటకూడదు. అంటే ఏడుకిలోల పావు! దానికి మూడు బెజ్జాలు... బొటనవేలికొకటి, మధ్యవేలికొకటి, ఉంగరపు వేలికొకటి. చెయ్యి గడియారం లోలకంలా వెనక్కి వెళ్లి ముందుకొస్తుంది. బంతి చీలమండ దగ్గరికొచ్చేసరికి ముందుగా జారాల్సింది బొటనవేలు. ఆ తర్వాత రెప్పపాటు కాలం బంతి మిగతా రెండు వేళ్లమీదే ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే వేళ్లు దానికి గిరగిరా తిరిగే వేగాన్ని ఇస్తాయి. బాట మీద ముందు భాగానికి నూనె పూసి ఉంటుంది కాబట్టి బంతి మొదట జారుతూ వెళ్లి, నూనె అయిపోయినచోట ఒక్కసారిగా పక్కకి మళ్లి, పిన్నుల సందులోకి దూసుకుపోతుంది. చూసేవాళ్లకి అదేదో ఇంద్రజాలంలా ఉంటుంది. నిజానికి ఆ మలుపుకి బీజం పడేది బొటనవేలు బయటికొచ్చిన క్షణంలోనే. అది ఆలస్యమైతే మూడు వేళ్లూ ఒకేసారి ఊడతాయి. ఇక తిప్పడానికి ఏ వేలూ మిగలదు.

వదులే అసలు దొంగ

బిగుతుగా ఉన్న బెజ్జాన్ని ఎవరైనా కనిపెడతారు. వేలు దిగదు, దిగితే రాదు. బంతి చేతిని పట్టుకుని కాస్త దూరం గాల్లోకి లేచి, దబ్బుమని పడుతుంది. కొత్త చెప్పు కరిచినట్టు వేలి చర్మం లేచిపోతుంది. కాబట్టి రెండోసారి అందరూ చేసే పని... ఇంకాస్త పెద్ద బెజ్జం వెతుక్కోవడం. వదులుగా ఉంటే హాయి, వేలు సులువుగా వచ్చేస్తుంది అన్నది మన లెక్క.

ఈ లెక్కే తిరగబడుతుంది. బెజ్జం వదులైతే బంతి జారిపోతుందేమోనన్న భయం చేతికి తెలియకుండానే పట్టుకుంటుంది. వేలు లోపల కణుపు దగ్గర వంగి, గోడని ఉడుంపట్టు పడుతుంది. వంగిన వేలు తిన్నగా బయటికి రాదు కదా! కొక్కెంలా తగులుకుంటుంది. అంటే వదులు బెజ్జంలోనూ వేలు చిక్కుకుంటుంది, బిగుతు బెజ్జంలోకన్నా మొండిగా. పైగా పిడికిలి బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, ముంజేయి బిగిస్తే భుజం బిగుస్తుంది. లోలకంలా ఊగాల్సిన చెయ్యి కర్రలా కదులుతుంది. ఒకసారి భయపడి గట్టిగా పట్టుకుంటాం, బంతి ఎడమకి పోతుంది. మరోసారి పట్టు సడలిస్తాం, గీతకి ఇవతలే జారిపడుతుంది. రెండు తప్పులకీ మూలం ఒకటే అని తట్టక, నడకనీ చూపునీ మార్చుకుంటూ నెలలు గడిపేసేవాళ్లున్నారు. శిక్షకులు 'వదిలెయ్, వదిలెయ్' అని అరిస్తే మాత్రం ఏం లాభం? వేలికి నమ్మకం కుదిరితేనే అది వదులుతుంది. ఆ నమ్మకాన్నిచ్చేది కొలతే.

గాజుల కొట్టులోలాగా...

సరైన కొలత ఎలా ఉండాలో మన ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గాజు మణికట్టు దాటాలి, దాటాక ఊడిపోకూడదు. బొటనవేలి బెజ్జమూ అంతే. వేలు మొదలుదాకా లోపలికి దిగాలి. లోపల చుట్టూ గోడ తగులుతున్నట్టు తెలియాలి, నొక్కుతున్నట్టు ఉండకూడదు. వేలిని అటూఇటూ తిప్పితే పట్టేయకుండా తిరగాలి. ఏ ప్రయత్నమూ లేకుండా బయటికి జారాలి.

తర్వాత చూడాల్సింది బెజ్జాల మధ్య దూరం. బౌలింగ్ సెంటర్‌లో అందరికీ ఇచ్చే బంతయితే బొటనవేలిని పూర్తిగా దింపి, మిగతా రెండు వేళ్లనీ బెజ్జాలమీదుగా చాపి చూడండి. వేళ్ల రెండో కణుపు గీత, బెజ్జం దగ్గరి అంచు దాటి పావు అంగుళం అవతలికి రావాలి. వేళ్లు లోపల పెట్టాక అరచేతికీ బంతికీ మధ్య పెన్సిల్ దూరేంత సందు ఉంటే సరిపోయినట్టు. దూరం ఎక్కువైతే చెయ్యి సాగి బొటనవేలి మొదలు లాగేస్తుంది. తక్కువైతే మళ్లీ ఉడుంపట్టే.

ఇక్కడే ఒక తిరకాసుంది. ఇలాంటి చోట్ల తేలికబంతులకి చిన్న బెజ్జాలూ, బరువు బంతులకి పెద్ద బెజ్జాలూ ఉండటం మామూలు. లావువేళ్లున్న పెద్దాయన నడుంనొప్పి భయంతో తేలికది తీసుకుంటే వేలు ఇరుక్కుంటుంది. సన్నటి వేళ్ల కుర్రాడు గొప్పకి బరువుది ఎత్తితే లోపల వేలు గలగలలాడుతుంది. అందుకని ఒకే బరువున్నవాటిని నాలుగైదు తీసి, వేలు పెట్టి చూసుకున్నాకే ఆట మొదలుపెట్టాలి. దానికి సిగ్గుపడనక్కర్లేదు. చీర కొనేటప్పుడు ఎన్ని మడతలు విప్పిస్తాం! అన్నట్టు, బంతిని అరమీద నుంచి తీసేటప్పుడు రెండు చేతులతో పక్కలనుంచి పట్టుకోండి. వెనకనుంచి దొర్లుకొచ్చే మరో బంతికీ దీనికీ మధ్య వేళ్లుంటే నలిగిపోతాయి. నూనె పకోడీలు తిన్న చేత్తో ఆడటం గురించి చెప్పేదేముంది... ఏ కొలతా కాపాడదు.

అరమిల్లీమీటరు దగ్గర...

ఆటని సీరియస్‌గా తీసుకున్నవాళ్లు సొంత బంతి కొనుక్కుంటారు. దాన్ని బెజ్జాల్లేకుండానే అమ్ముతారు. తొలిచిపెట్టేది ప్రో షాపులు. అక్కడి పనివాడు ఒకరకంగా దర్జీలాంటివాడు. చేతిని అటూఇటూ తిప్పి, వేళ్లు ఎంత వంగుతాయో చూసి, గతంలో ఎక్కడ కాయలు కాశాయో తడిమి మరీ కొలతలు రాసుకుంటాడు. బెజ్జం సైజుని అంగుళంలో 64వ వంతు చొప్పున పెంచుతూ తగ్గిస్తూ పోతాడు. అంటే అరమిల్లీమీటరు కన్నా తక్కువ! అంత తేడా కూడా వేలికి తెలిసిపోతుంది.

అసలు మన బొటనవేలు గుండ్రంగా ఉండదు, కాస్త బల్లపరుపుగా కోలగా ఉంటుంది. గుండ్రటి బెజ్జంలో పెడితే రెండువైపులా బిగుతు, మరో రెండువైపులా వదులు. అందుకే చాలామందికి బెజ్జాన్నీ కోలగా తొలుస్తారు. పైన అంచుని నున్నగా చెక్కుతారు, లేకపోతే అది చర్మాన్ని కోసేస్తుంది. ఇక వాలు. బెజ్జం సూటిగా బంతి మధ్యబిందువు వైపు పోతే ఒక రకం. అరచేతి వైపు వాలితే బంతి చేతిని అంటిపెట్టుకుంటుంది, అవతలివైపు వాలితే వేలు తొందరగా జారుతుంది. ఎవరికి ఏ వాలు అన్నది వేలు ఎంత వంగుతుందన్న దానిమీద ఆధారపడుతుంది కాబట్టి, ఛాంపియన్ బంతి కొలతలు తెచ్చి మీ బంతికి తొలిపించుకుంటే ఒరిగేదేమీ ఉండదు. నాలుగైదు బంతులు వాడేవాళ్లు బొటనవేలి భాగాన్ని మాత్రం విడిగా చేయించుకుని, ఏ బంతికి కావాలంటే ఆ బంతికి బిగించుకుంటారు. పిల్లల చేతులు పెరుగుతాయి కదా... పాత బెజ్జం పూడ్చి కొత్తగా తొలిపిస్తే సరి.

ఎండకో కొలత, ఏసీకో కొలత

ఇంత చేసినా వేలు ఊరుకోదు. ఎండలో తిరిగొస్తే ఉంగరం బిగుసుకుపోవడం, చలికాలం పొద్దున్నే వదులై జారిపోవడం అందరికీ అనుభవమే. బొటనవేలూ అంతే. ఏసీ హాల్లో చల్లబడి కాస్త సన్నబడుతుంది, రెండు మూడు గేములయ్యేసరికి ఉబ్బుతుంది. అందుకే బెజ్జాన్ని కాస్త ఉదారంగా తొలిపించుకుని, లోపల సన్నటి టేపుముక్కలు అంటిస్తారు. మొదట్లో నాలుగుంటే వేలు ఉబ్బేకొద్దీ ఒక్కోటీ పీకేస్తూ పోతారు. గోరు ఆనేవైపు నున్నటిది కొలత కోసం, వేలి మెత్త ఆనేవైపు గరుకుది పట్టు కోసం వాడటం ఎక్కువమంది అలవాటు. ఖర్చు చూస్తే నామమాత్రం. కొత్త బంతి కొనడంకన్నా ఈ టేపు చుట్ట వాడటం నేర్చుకోవడమే చాలామందికి ఎక్కువ మేలు చేస్తుంది. చెమటపట్టే చేతులవాళ్లు పొడి సంచీ నలుపుకుంటారు. ఆ పొడి నేలమీద పడనివ్వకండి, పక్కవాళ్లు జారిపడతారు.

వేలి జాతకం

ఆట అయ్యాక ఒకసారి వేలు చూసుకోండి. కణుపు వెనకవైపు చర్మం లేచిందంటే సాధారణంగా లోపల వేలు వంచుతున్నట్టు. మెత్త చివర కాయ కాస్తే చివరతో నొక్కి పట్టుకుంటున్నట్టు. మొదలు దగ్గర నొప్పయితే బెజ్జాల మధ్య దూరమో, అంచు పదునో అనుమానించాలి. కాయల్ని బ్లేడుతో కోయకూడదు, నురగరాయితో మెల్లగా రుద్దితే చాలు. మధుమేహం ఉన్నవాళ్లు చిన్న పుండునైనా తేలిగ్గా తీసుకోకూడదు.

బొబ్బ మానిపోతుంది. దిగులుపడాల్సింది తిమ్మిరితోనే. బొటనవేలికి చూపుడువేలి వైపున్న అంచులో స్పర్శనిచ్చే సన్నటి నరం ఒకటుంది. బెజ్జం అంచు వేలసార్లు దానిమీదే ఒరుసుకుంటే చుట్టూ కణజాలం గట్టిపడి నొక్కేస్తుంది. వేలి మొదట్లో చిన్న గడ్డలా తగలడం, ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, వేలి అంచు మొద్దుబారడం... ఇవీ లక్షణాలు. వైద్యులు దీన్ని 'బౌలర్స్ థంబ్' అనే పేరుతోనే పిలుస్తారు. తొలిదశలో ఆట ఆపి, వేలికి కట్టు వేయించి, బెజ్జాన్ని సరిచేయించుకుంటే చాలామందికి తగ్గుతుంది. నొప్పి భరించడమే మగతనం అనుకుని ఆడుతూపోతే గోటితో పోయేది గొడ్డలి దాకా... శస్త్రచికిత్స దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి.

అసలు వేలే పెట్టకపోతే?

ఇన్ని తిప్పలెందుకని బొటనవేలినే పక్కన పెట్టేసినవాడు ఒకడున్నాడు. ఆస్ట్రేలియాకు చెందిన జేసన్ బెల్మాంటే. న్యూ సౌత్‌వేల్స్‌లోని ఆరెంజ్ పట్టణంలో అమ్మానాన్నల బౌలింగ్ సెంటర్లో ఏడాదిన్నర వయసులో ఆట మొదలుపెట్టాడు. ఆ వయసులో బంతి ఒంటిచేత్తో లేవదు కదా, రెండు చేతులతో తోసేవాడు. పెద్దయ్యాకా అదే పద్ధతి. కుడిచేతి రెండువేళ్లు బెజ్జాల్లో, ఎడమచెయ్యి బంతిమీద ఆసరాగా. బొటనవేలు చిక్కుకునే ప్రసక్తే లేదు, బంతి మాత్రం బొంగరంలా తిరుగుతుంది. మొదట్లో వెక్కిరించినవాళ్లున్నారు. 2023 నాటికి అతని ఖాతాలో 15 మేజర్ టైటిళ్లు చేరాయి. పురుషుల ప్రొఫెషనల్ ఆటలో అంతకుముందు ఎవరూ అన్ని గెలవలేదు. ఇప్పుడు పిల్లలు చాలామంది అదే దారి పడుతున్నారు.

అయితే వాళ్లకీ ఒక నిబంధన వచ్చింది. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ 2020 ఆగస్టు 1 నుంచి, బంతికి ఎన్ని బెజ్జాలుంటే అన్నింట్లోనూ వేళ్లు పెట్టే వేయాలంది. బొటనవేలు వాడనివాళ్ల బంతికి ఆ బెజ్జమే ఉండకూడదన్నమాట. అది పోటీల సంగతి. మాల్‌లో మీ చిన్నాడు మూడు బెజ్జాల బంతిని రెండు చేతులా పట్టుకుని తోస్తుంటే ఆపకండి, వాడి బొటనవేలు ఆ బెజ్జానికి సరిపడేంత పెరగడానికి ఇంకా టైముంది.