ఏ ఇంటికి ఏ పొయ్యి? పొగ దారిని ముందు చూడాలి

కొత్త ఇల్లు కట్టుకొనేటప్పుడు సింహద్వారం ఏ దిక్కుకు ఉండాలి, దేవుని గది ఎక్కడ రావాలి అన్న విషయాలపై ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చర్చిస్తారు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి "ఆగ్నేయ మూలన వేస్తే సరి" అన్న ఒక్క మాటతో చర్చ ముగుస్తుంది. ఆ ఆచారాన్ని పాటించడంలో చిక్కేమీ లేదు. కాని ఆ మూలన ఏ పొయ్యి వేయాలి, దాని పొగ ఎటు పోవాలి అన్న ప్రశ్నలు అడిగేవారు అరుదు. ఇంటి ఇల్లాలు రోజూ గంటల తరబడి కూర్చొనేది ఆ పొయ్యి ముందే.

కన్నడంలో ఒలె, తమిళంలో అడుప్పు, ఒడియాలో చులి, మరాఠీలో చూల్. సరిహద్దు గ్రామాల తెలుగువారికి ఈ పేర్లన్నీ పరిచితమే. పేరు ఏదైనా పొయ్యి చేయవలసిన పనులు రెండు: వేడిని గిన్నెకు చేర్చడం, పొగను ఇంటి బయటకు పంపడం. మొదటి పనిని మాత్రమే చూసి పొయ్యిని ఎన్నుకోవడం వల్లనే నష్టమంతా జరుగుతున్నది.

పొగ చేసే కీడు

పొగ వలన కళ్ళు మండుతాయి, అంతకు మించి ఏమీ లేదన్నది చాలామంది భావన. వాస్తవానికి పొగలోని అతి సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతులకు చేరి అక్కడే నిలుస్తాయి. ఏనాడూ చుట్ట, బీడీ ముట్టని అవ్వలకు సైతం తీరని దగ్గు, ఆయాసం రావడానికి ఇది ముఖ్యకారణం. కంటిలో శుక్లాలు, చంటిపిల్లలలో న్యుమోనియా కూడ వంటపొగతో ముడిపడినవే. ఇళ్ళలోని ఇటువంటి పొగ వలన 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 5 ఏళ్ళలోపు పిల్లలే 2 లక్షల 37 వేలకు పైగా ఉన్నారు. వంట చేసే తల్లి ఒడిలో బిడ్డ ఉండడం మన ఇళ్ళలో నిత్యం కనిపించే దృశ్యమే గనుక ఈ అంకెలు మనకు పరాయివి కావు.

మూడు రాళ్ళ పొయ్యి, మట్టిపొయ్యి

మూడు రాళ్ళ పొయ్యికి ఖర్చు లేదు. ఎంతటి గుండిగనైనా మోస్తుంది. కట్టె, కంప, పిడక ఏది పెట్టినా మండుతుంది. అందుకే పెండ్లి వంటకు, పొలం గట్టుకు దానిని మించినది లేదు. కాని మంట నాలుగు వైపులా చెదిరిపోవడం వలన కట్టెలోని వేడిలో నూటికి సుమారు 10 పాళ్ళు మాత్రమే గిన్నెకు చేరుతుంది. తక్కినదంతా వృథా. కప్పు కింద ఈ పొయ్యి వేయడం ఏ విధంగానూ తగదు.

పుట్టమన్ను, ఊక, పేడ కలిపి దిద్దిన మట్టిపొయ్యి గాలికి అడ్డుగోడ వలె నిలిచి మంటను లోపలే ఉంచుతుంది. పక్కపొయ్యి కూడ ఉన్నట్లయితే ముందు అన్నం ఉడుకుతుండగానే మిగులు సెగపై పప్పు మగ్గుతుంది. దిద్దేవారి నేర్పు తెలిసేది పొయ్యి గడ్డల దగ్గర. గడ్డలు మరీ ఎత్తయితే మంట పక్కలకు పారిపోతుంది. మరీ పొట్టివైతే గాలి ఆడక పొగ కమ్ముతుంది. అడుగున ఇనుప చువ్వల జల్లెడ అమర్చి, బూడిద రాలడానికి, గాలి పైకి రావడానికి దారి ఉంచితే కట్టె మరింత శుభ్రంగా కాలుతుంది. ఎంత చక్కగా దిద్దినా ఈ పొయ్యి పొగ ఇంటిలోనే తిరుగుతుందన్నది మరువరాదు.

పొగగొట్టపు పొయ్యి

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నం మనవారిలో కొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి.రాజు రూపొందించిన హెర్ల్ చూలా గురించిన పుస్తకం 1953లోనే వెలువడినది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏర్పడిన అస్త్ర విభాగం 1980వ దశకం ఆరంభంలో "అస్త్ర ఒలె"ను తయారు చేసినది. మూడు గిన్నెలు ఒకేసారి పెట్టుకొనే ఈ మూసిన పొయ్యి ప్రయోగశాలలో నూటికి 40 పాళ్ళకు పైగా వేడిని గిన్నెలకు చేర్చినది. పొగ గొట్టం గుండా కప్పు మీదికి పోతుంది.

కేంద్రప్రభుత్వం 1980వ దశకంలో పొగలేని పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి, 2002లో అది ముగిసేనాటికి 3 కోట్లకు పైగా పొయ్యిలను పంచినది. వాటిలో అధికభాగం కొద్దికాలానికే మూలపడినవి. పొయ్యి కన్నానికీ ఇంటి గిన్నెకూ పొంతన కుదరలేదు. గొట్టంలో మసి పేరుకొంటే తీసే పద్ధతి ఎవరూ నేర్పలేదు. పగిలిన పొయ్యిని తిరిగి దిద్దేవారు ఊరిలో లేరు. అన్నిటికంటె ముఖ్యంగా, వంట చేసే స్త్రీని అడిగినవారు లేరు. కాబట్టి గొట్టపు పొయ్యి వేయించేవారు ముందు తమ గిన్నెలను తెచ్చి కొలత ఇవ్వాలి.

గొట్టం 4 అంగుళాల వ్యాసానికి తగ్గకుండా, కప్పు కంటె కనీసం 2 అడుగులు ఎత్తుగా ఉండి, పైన వాన పడకుండ టోపీ ఉండాలి. పూరిల్లయితే వేడిగొట్టం గడ్డికి తగలకుండ చుట్టూ ఖాళీ వదలి రేకు అమర్చడం తప్పనిసరి. నెలకు ఒకసారి, పొయ్యి ఆరి చల్లారిన తరువాత, పొడవైన కర్రకు గుడ్డ చుట్టి మసి దులపాలి. గొట్టం మూసుకొనిపోయిన పొయ్యి మామూలు పొయ్యి కంటె ఎక్కువ పొగను ఇంటిలోకి వదులుతుంది.

గ్యాసు పొయ్యి

పొగ లేని వంటకు గ్యాసు తేలిక మార్గం. 2016 మే 1న ప్రారంభమైన ఉజ్జ్వల పథకం కేంద్రానిది గనుక అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ లో 2024లో మొదలైన దీపం-2 పథకం కింద ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు లభించేది మాత్రం ఆ రాష్ట్రపు రేషను కార్డుదారులకే. గట్టు అవతల చెల్లెలికి వచ్చినది ఇవతల అక్కకు రాకపోవడానికి కారణం ఇదే. సరిహద్దు కుటుంబాలు తాము నివసించే రాష్ట్రపు పథకాలనే విచారించుకోవాలి.

సిలిండరు ఇంటికి వచ్చినంత మాత్రాన పొగ పోలేదు. 14.2 కిలోల బండ అయిపోయిన వెంటనే తిరిగి నింపించే స్తోమత లేక, స్నానపు నీళ్ళకు గ్యాసు ఖర్చు చేయలేక అనేక ఇళ్ళలో కట్టెపొయ్యి అదే వంటగదిలో కొనసాగుతున్నది. ఇటువంటి ఇంటికి తగిన ఏర్పాటు ఒకటి ఉన్నది: పూటపూటా వంటకు లోపల గ్యాసు, నీళ్ళకాగుకు, పెద్ద వంటలకు పెరటి వసారాలో గొట్టం గల కట్టెపొయ్యి. రెండు పొయ్యిలు ఉండడం తప్పు కాదు. కట్టెపొయ్యి గోడల మధ్య ఉండడమే తప్పు.

గ్యాసు గాలికంటె బరువైనది. లీకైతే నేల మీద పరచుకొంటుంది. కాబట్టి సిలిండరును నిలువుగానే ఉంచి, పొయ్యిని దానికంటె ఎత్తైన గట్టుపై పెట్టి, గోడ అడుగున గాలిరంధ్రం వదలాలి. కట్టెపొయ్యి, సిలిండరు ఒకే గదిలో ఉండరాదు.

గోబర్ గ్యాసు, కంప, కొబ్బరి మట్ట

నాలుగు పశువులున్న రైతుకు మరొక దారి కలదు. 2 ఘనమీటర్ల గోబర్ గ్యాసు గుంతకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు చాలు. ఐదారుగురి వంట జరుగుతుంది, మడ్డి పొలానికి ఎరువవుతుంది. పశువులను అమ్మివేసే ఆలోచన ఉన్నవారు, వేసవిలో నీటికి కటకటపడేవారు దీని జోలికి పోకపోవడమే మేలు.

పొయ్యి నోరు ఊరి వంటచెరకును బట్టి ఉండాలి. బళ్ళారి వైపు దొరికే సర్కారు తుమ్మకు, దానినే కన్నడిగులు బళ్ళారి జాలి అంటారు, చిన్న నోరు చాలును. గడ్చిరోలి, నాందేడు వైపు పత్తికంపకు, యానాం వైపు కొబ్బరి మట్టలకు వెడల్పాటి నోరు కావాలి. ఏ కట్టెనైనా చీల్చి, రెండు నెలలు ఎండబెట్టి వాడితే పొగ సగం తగ్గినట్లే కనిపిస్తుంది.

కుంపటి విషయంలో హెచ్చరిక

కోరాపుట్టు వంటి చలి ప్రాంతాలలో రాత్రి కుంపటి పెట్టి తలుపులు బిగించి నిద్రించే అలవాటు ఉన్నది. బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. పడుకొనే ముందు కుంపటిని తప్పక బయట పెట్టాలి.

పొయ్యి వేయించబోయే కుటుంబం ముందుగా మూడు సంగతులు తేల్చుకోవాలి. ఏడాది పొడవునా ఖర్చు లేకుండ దొరికే వంటచెరకు ఏది? రోజూ పొయ్యి మీద ఉండే గిన్నెలు ఎన్ని, ఎంతెంతవి? పొగ ఏ దారిన బయటకు పోతుంది? ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పగలిగినది వంట చేసే ఇల్లాలే. మేస్త్రి ముగ్గు పోసే నాడు గిన్నెలతో సహా ఆమెను అక్కడ కూర్చోబెట్టి, ఆమె చేయి అందిన ఎత్తులో, ఆమె చెప్పిన వైపు గొట్టం లేపించాలి.